ఉక్తానుక్త దురుక్తాలు

తెలుగులో ‘పరిష్కారం’ అన్న మాటకు రెండు అర్థాలు వాడుకలో ఉన్నాయి. చిక్కు విడిపోవడం ఒకటి. గ్రంథాన్ని సరిచూసి, సవరించి, నలుగురి చేతిలో పెట్టదగినట్లు తీర్చడం రెండవది. కడపలో సి.పి. బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టి, తాళపత్ర ప్రతులను ఒకదానితో ఒకటి సరిపోల్చి చేయించినది ఈ రెండవ రకం పరిష్కారం. ఈ రెండు అర్థాలూ ఒకే మాటలో ఎందుకు ఒదిగాయన్న ప్రశ్న, ముప్పై మూడేళ్ళు తెలుగు పండితునిగా పనిచేసిన కాలంలో నాకు కలగలేదు. నిరుడు మా రెండవ అమ్మాయి వ్రాసిన పరిశోధన పత్రం సవరణల కోసం తిరిగివచ్చిన తర్వాత కలిగింది.

ఆ అనుభవాన్ని గురించి, అప్పుడు నాకు తోచిన ఒక పాత శాస్త్రమర్యాదను గురించి ఈ పూట చెప్పాలనుకుంటున్నాను. చదువరులలో పరిశోధక విద్యార్థులుంటే వారికి కొంత ఉపయోగపడవచ్చు. తక్కినవారికి, పరిశోధన చేసే పిల్లలు ఉన్నట్టుండి ఎందుకు ముభావంగా మారిపోతారో తెలియడానికైనా పనికివస్తుంది.

విషయం కొత్తగా వినేవారికి ముందుగా నాలుగు మాటలు. పరిశోధకుడు తాను తెలుసుకున్నదాన్ని పేపరుగా వ్రాసి జర్నలుకు పంపుతాడు. ఎడిటరు చూసి, తమ పత్రికకు తగినది కాదనుకుంటే అక్కడికక్కడే తిప్పిపంపుతాడు. తగినదే అనుకుంటే అదే శాస్త్రంలో పనిచేసే ఇద్దరికో ముగ్గురికో పంపి అభిప్రాయం అడుగుతాడు. దీన్నే పీర్ రివ్యూ అంటారు. తోటివారి పరిశీలన అనుకోవచ్చు. ఈ రివ్యూయర్లకు సాధారణంగా పారితోషికం ఉండదు. తమ పని పక్కన పెట్టి ఇంకొకరి పని చదువుతారు. రచయిత పేరు వారికి తెలియవచ్చు, తెలియకపోవచ్చు. వారి పేరు మాత్రం చాలా జర్నళ్ళలో రచయితకు తెలియనివ్వరు. వారి అభిప్రాయాలు చూసి ఎడిటరు తీర్పు చెబుతాడు. ఉన్నదున్నట్లు అంగీకరించడం అరుదు. చిన్న సవరణలు, పెద్ద సవరణలు, తిరస్కారం, ఎక్కువగా ఈ మూడింటిలో ఒకటి.

పదవ తరగతి పబ్లిక్ పరీక్షల స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్ళిన ఉపాధ్యాయులకు ఈ పద్ధతి మరీ కొత్తగా అనిపించదు. అక్కడా జవాబు పత్రం మీద పిల్లవాని పేరుండదు, కోడు నంబరే ఉంటుంది. దిద్దినవారెవరో ఆ పిల్లవానికి తెలియదు. అయితే ఒక పెద్ద భేదం ఉంది. పరీక్షలో దిద్దినవారి మాటే చివరి మాట. ఇక్కడ దిద్దించుకున్నవానికి జవాబు చెప్పుకొనే అవకాశం ఉంది. ప్రతి ఆక్షేపణకూ సమాధానం వ్రాసి, మార్చిన పత్రంతో కలిపి మళ్ళీ పంపవచ్చు. పిల్లలు మొదటి దుఃఖంలో ఈ భేదాన్నే మరచిపోతారు. వచ్చినది మార్కుల జాబితా అనుకుంటారు. నిజానికి అది సంవాదంలో ఎదుటివారి మొదటి మాట.

ఈ వ్యవస్థ అనాదిగా ఉన్నదనుకోవడం కూడా పొరపాటే. లండన్ రాయల్ సొసైటీవారి ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ పత్రిక 1665లో మొదలైనప్పుడు హెన్రీ ఓల్డెన్‌బర్గ్ అనే ఒక్క మనిషి తన విచక్షణతోనే ఏది వేయాలో నిర్ణయించుకునేవాడు. 1752లో ఆ పనిని సొసైటీ తరఫున ఒక సంఘం చేపట్టింది. వ్రాతపూర్వకమైన నివేదికలు తెప్పించుకోవడమన్నది 1830ల ముచ్చట. విలియం హ్యూవెల్ అనే పండితుడు ఈ ఆలోచన తెచ్చాడు. ఖగోళ శాస్త్రజ్ఞుడు జార్జి ఎయిరీ వ్రాసిన పత్రాన్ని హ్యూవెల్, జాన్ లబ్బక్ ఇద్దరూ కలిసి పరిశీలించవలసి వచ్చింది. మొదటి ప్రయత్నంలోనే ఇద్దరికీ పొసగలేదు. పత్రంలోని గొప్పతనాన్ని లోకానికి చెప్పాలని ఒకరు, లోపాలు చూపాలని ఇంకొకరు. రివ్యూయర్లలో ఒకరు మెచ్చుకోవడం, ఇంకొకరు తప్పులు పట్టడం అన్నది ఈ పద్ధతితోపాటే పుట్టిందన్నమాట. పేరుపొందిన ‘నేచర్’ పత్రిక కూడా బయటివారి పరిశీలనను నియమంగా పెట్టుకున్నది 1973లోనే. డీఎన్‌ఏ నిర్మాణాన్ని గురించి వాట్సన్, క్రిక్‌లు 1953లో వ్రాసిన పత్రం అటువంటి పరిశీలన లేకుండానే అందులో అచ్చయింది.

ఇక మా ఇంటి సంగతి.

మా అమ్మాయిది మొక్కల తెగుళ్ళ శాస్త్రం. వేరుశనగకు వచ్చే తిక్క ఆకుమచ్చ తెగులు మీద పనిచేస్తోంది. మా అనంతపురం వైపు రైతులకు ఇది తెలిసిన శత్రువే. ఆకు మీద నల్లని గుండ్రని మచ్చలు లేస్తాయి. ఆకు రాలిపోతుంది, కాయ ఊరదు, పశువులకు వేసే కట్టె కూడా దక్కదు. ఆరు రకాల వేరుశనగను మడులుగా విత్తి, ఏ రకానికి తెగులు ఎంత సోకుతున్నదో వారంవారం చూసి 1 నుంచి 9 వరకు అంకెలు వేయడం ఆమె పని. 1 అంటే మచ్చ లేని మొక్క, 9 అంటే ఆకంతా మాడి రాలిపోయిన మొక్క. అలా రెండు ఖరీఫులు ఎండలో తిరిగింది.

పరిశోధక వేతనం ఐదేళ్ళే. మొదటి రెండేళ్ళు ఒక మొత్తం, తక్కిన మూడేళ్ళు ఇంకొక మొత్తం, ఆ తర్వాత ఏమీ లేదు. థీసిస్ ఇవ్వడానికి ముందు ఒక పేపరైనా అచ్చు కావాలన్న షరతు 2016 నాటి యూజీసీ నిబంధనలలో ఉండేది. 2022 నిబంధనలలో దాన్ని తీసివేశారు. అయినా ఆమె చదివే చోట పేపరు లేని థీసిస్ మీద సంతకం పెట్టే అలవాటు ఇంకా రాలేదు. వేతనం ముగియడానికి నాలుగు నెలలుందనగా జర్నలు నుంచి ఉత్తరం వచ్చింది. మేజర్ రివిజన్, అంటే పెద్ద సవరణలు. గడువు 60 రోజులు. మొదటి రివ్యూయరువి 9 ఆక్షేపణలు, రెండవవారివి 23.

ఆ ఇరవై మూడింటిలో చివరిది, ఈ పత్రాన్ని ఇంగ్లీషు మాతృభాషగా గలవారి చేత దిద్దించి పంపవలసిందని. మా అమ్మాయి పదవ తరగతి వరకు నేను పనిచేసిన పాఠశాలలోనే తెలుగు మాధ్యమంలో చదువుకుంది. ఆ వాక్యం ఆమెకు తగిలినంతగా నాకూ తగిలింది. పిల్లను తెలుగులో చదివించినందుకు ఆనాడు బంధువులు అన్న మాటలన్నీ, ఎవరో తెలియని మనిషి ఎక్కడి నుంచో మళ్ళీ అన్నట్లయింది.

ఇంటికి వచ్చిన పిల్ల రెండు రోజులు ల్యాప్‌టాప్ తెరవలేదు. మూడవ రోజు భోజనాల దగ్గర, “విత్తనాల కంపెనీలో ఉద్యోగం ఉందట నాన్నా, చేరిపోతాను” అంది. మా ఆవిడ నా వైపు చూసింది. నేను ఉపదేశాలు చేయలేదు. “ఆ ఉత్తరం ఒకసారి నాకు చదివి వినిపించమ్మా” అన్నాను.

“మీకేం అర్థమవుతుంది నాన్నా?”

“తెలుగులో చెప్పు. అర్థం కాకపోతే అడుగుతాను.”

ఆ సాయంత్రం వసారాలో కూర్చుని ఒక్కొక్క ఆక్షేపణా తెలుగులో చెప్పసాగింది. నాకు శాస్త్రం తెలియదు కనుక ప్రతిదానికీ నేపథ్యం విడమరచి చెప్పవలసి వచ్చేది. నాలుగైదు అయ్యేసరికి నాకొక వింత కనిపించింది. ఇంగ్లీషులో చదివినప్పుడు ఆమె ముఖం చిట్లేది. అదే మాట తెలుగులో చెప్పేటప్పుడు చిట్లడం లేదు. “ఒక్క ఏడాది లెక్కలే చూపారు, దాంతో ఇంత పెద్ద మాట ఎలా అంటారని అడుగుతున్నారు” అని చెప్పి, తానే ఒక క్షణం ఆగి, “అడగవలసిందే లెండి, రెండో ఏడాది లెక్కలు నేను పట్టికలో పెట్టలేదు” అంది. పరాయి నోటి పరుషత్వం అనువాదంలో రాలిపోయింది, విషయం నిలిచింది.

ఆ రాత్రి నాకు వ్యాకరణ సంప్రదాయంలోని ఒక మాట స్ఫురణకు వచ్చింది. పాణిని సుమారు 4,000 సూత్రాలలో సంస్కృత భాషను బిగించాడు. ఆయన తర్వాత కాత్యాయనుడు వచ్చి వాటి మీద వార్తికాలు వ్రాశాడు. వార్తికమంటే ఏమిటి? మూలకారుడు చెప్పినదాన్ని, చెప్పక విడిచినదాన్ని, సరిగా చెప్పనిదాన్ని విచారించేది. ఉక్తం, అనుక్తం, దురుక్తం, ఈ మూడింటి చింతనే వార్తికమని మన పెద్దల నిర్వచనం. ఇంత శుభ్రంగా రివ్యూయరు పనిని చెప్పిన మాట నాకు ఇంకెక్కడా కనబడలేదు.

మరునాడు పాత హాజరు పట్టీ ఒకటి తీసి, ఖాళీ పుటలలో మూడు గడులు గీయించాను. ముప్పైరెండు ఆక్షేపణలూ ఏ గడిలో పడతాయో చూడమన్నాను. ఎవరన్నారో వద్దు, ఎలా అన్నారో వద్దు, ఏది అన్నారో అంతే.

ఉక్తం గడిలోకి, పత్రంలో గట్టిగా చెప్పి తగినంత ఆధారం చూపనివి వచ్చాయి. ఫలానా రకం తెగులును ‘తట్టుకుంటుంది’ అని శీర్షికలోనే ఉంది. రివ్యూయరు కాదన్నాడు. “నువ్వు చూసిందేమిటమ్మా?” అని అడిగాను. “తక్కిన వాటికంటే దీనికి తక్కువ సోకింది.” “మరి అదే వ్రాయరాదా?” తట్టుకోవడం మొక్క స్వభావం. తక్కువ సోకడం ఆ పొలంలో, ఆ వానకు జరిగిన సంగతి. క్రియాపదం ఒక్కటి మారితే సగం వివాదం తీరింది. రెండవ ఖరీఫు లెక్కలు కూడా చేరిస్తే తక్కిన సగం తీరింది.

అనుక్తం గడి అన్నింటికంటే పెద్దదైంది. విత్తిన తేదీ ఏది? సాళ్ళ మధ్య ఎడం ఎంత? ఆ రెండు కాలాలలో వాన ఎంత కురిసింది? ఒక్కొక్క రకానికి ఎన్ని మడులు? అంకెలు వేసినది ఒకరా, ఇద్దరా? వేసేటప్పుడు అది ఏ రకం మడి అన్నది వారికి తెలుసా? ఈ చివరి ప్రశ్న నాకు చాలా నచ్చింది. ఫలానా రకం మంచిదని ముందే తెలిస్తే చేయి తెలియకుండానే తక్కువ అంకె వేస్తుంది. జవాబు పత్రాల మీద కోడు నంబర్లు వేసేది ఈ భయంతోనే కదా. మా అమ్మాయి మడులకు నంబర్లే వేసింది, పేర్లు పెట్టలేదు. మంచి పనే చేసింది, కాని చెప్పలేదు. ఇటువంటివన్నీ ఆమె పొలం పుస్తకంలో పెన్సిలుతో వ్రాసి ఉన్నాయి. చేసినవానికి అన్నీ తెలుసు కనుక చెప్పవలసిన అవసరం కనబడదు. అనుక్తం పుట్టేది అజ్ఞానం వల్ల కాదు, అతిపరిచయం వల్ల.

మన తెలుగులోనే దీనికొక గొప్ప సాక్ష్యం ఉంది. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. అంతటి శాస్త్రం కూడా కొన్నింటిని చెప్పక విడిచింది. వాటిని పూరిస్తూ బహుజనపల్లి సీతారామాచార్యులవారు 1885లో ప్రౌఢవ్యాకరణం వ్రాశారు. దాని అసలు పేరు త్రిలింగ లక్షణ శేషం. శేషమన్న ఆ పేరులో చిన్నయసూరి పట్ల నింద ఏ కోశానా లేదు. ఇది మిగిలింది, నేను చెబుతున్నాను, అంతే.

దురుక్తం గడి దగ్గర మళ్ళీ కోపం వచ్చింది. ఒక రివ్యూయరు అడిగిన ప్రశ్నకు జవాబు ఏడవ పుటలో స్పష్టంగానే ఉంది. “చదవకుండానే వ్రాశారు నాన్నా!” అంది. ఆ ఏడవ పుట తెప్పించుకొని చూశాను. జవాబు ఉన్నమాట నిజమే. కాని అది పదకొండు పంక్తుల వాక్యం నడుమ, రెండు కామాల మధ్య ఇరుక్కొని ఉంది. తరగతిలో నలభైమందికీ ఒకే ప్రశ్న తప్పు పోతే, ఉపాధ్యాయుడన్నవాడు పిల్లలను తిట్టకముందు ప్రశ్నను ఒకసారి చదువుకుంటాడు. రివ్యూయరు శ్రద్ధగా చదివాడో లేదో మనకు తెలియదు. పత్రం అచ్చయ్యాక చదివేవారు అంతకంటే శ్రద్ధగా చదువుతారన్న హామీ కూడా లేదు. ఆ వాక్యాన్ని మూడు చేసి, జవాబును ముందుకు తెచ్చి పెట్టింది.

ఇంగ్లీషును గురించిన మాటను కూడా ఈ గడిలోనే వ్రాయించాను. ఆమెకు ఇష్టం లేకపోయింది. ఇద్దరం వాక్యం వాక్యం చదివాం. వ్యాకరణ దోషాలు అక్కడక్కడా మూడో నాలుగో ఉన్నాయి. అసలు ఇబ్బంది వేరు. తెలుగులో మనం క్త్వార్థకాలను గొలుసు కట్టినట్లు కడతాం. పొలానికి వెళ్ళి, ఆకులు కోసి, సంచిలో వేసి, తెచ్చి, తూచి, ఆరబెట్టి... చివరికెప్పుడో ఒక సమాపక క్రియ వస్తుంది. తెలుగులో అది అందం. ఆ నడకను ఇంగ్లీషులోకి తీసుకుపోతే చదివేవానికి ఊపిరాడదు. గొలుసులు తెంపి చిన్న వాక్యాలు చేసింది. ఏ మాతృభాషవారి చేతా దిద్దించలేదు. రివ్యూయరు చెప్పిన రోగం కొంత నిజం, చెప్పిన మందు అనవసరం. సమాధానంలో ఆమె వ్రాసినది ఒక్క మాట: భాషను ఆద్యంతం సవరించాం. అంతకుమించి అభిమానం చూపుకొనే చోటు అది కాదు.

మూడు గడులూ నిండాక ఐదు ఆక్షేపణలు మిగిలాయి. అవి దేనిలోనూ ఇమడలేదు. వాటిలో పెద్దది, గాజు గృహంలో ఇంకొక ప్రయోగం చేసి, దానితోపాటు జన్యు పరిశీలన కూడా చేసి చూపమన్నది. చేయాలంటే రెండేళ్ళు పడుతుంది. “చెయ్యకపోతే ఒప్పుకోరేమో నాన్నా” అని భయపడింది.

అప్పుడు పతంజలి సంగతి చెప్పాను. కాత్యాయనుని వార్తికాలు విడిగా కాక పతంజలి మహాభాష్యం ద్వారానే మనకు అందాయి. అంటే ఆక్షేపణలు సమాధాన గ్రంథంలోనే భద్రంగా ఉన్నాయి. పతంజలి ప్రతి ఆక్షేపణనూ ఎదుట పెట్టుకొని విచారిస్తాడు. కొన్నింటిని ఒప్పుకుంటాడు, కొన్నింటిని సవరిస్తాడు, కొన్నిచోట్ల ఆ వార్తికం అక్కరలేదని, పాణిని సూత్రంతోనే పని జరుగుతుందని నిరూపిస్తాడు. నిరాకరించినప్పుడు కూడా కారణం చెప్పకుండా నిరాకరించడు. ఈ ముగ్గురు మునులలో భేదం వస్తే తరువాతివారి మాటకే ప్రామాణ్యం ఎక్కువని వైయాకరణుల మర్యాద. మూలకారునికంటె ఆక్షేపించినవాడు, అతనికంటె విచారించి సమాధానం చెప్పినవాడు గొప్ప. మొదటి ప్రతి కంటే సవరించిన ప్రతికే విలువ ఎక్కువన్న నేటి జర్నళ్ళ న్యాయం ఇదే కదా!

కనుక ఐదింటికీ కారణాలతో సమాధానం వ్రాసింది. ఈ పత్రం అడిగిన ప్రశ్న వానాధారపు పొలంలో ఏం జరుగుతుందన్నది. గాజు గృహం ప్రయోగం వేరొక ప్రశ్నకు జవాబు. అది చేయదగినదే, కాని ఈ పత్రం పరిధిలోనిది కాదు. ఆ పరిమితిని పత్రం చివర స్పష్టంగా చెప్పాం. ఇదీ సారాంశం. లొంగిపోవడమూ లేదు, తిరగబడడమూ లేదు.

సమాధాన పత్రం వ్రాసే పద్ధతి కూడా చెప్పుకోదగినది. రివ్యూయరు మాటను ఒక్క అక్షరం మార్చకుండా మొదట వ్రాయాలి. కింద మన సమాధానం, ఆ కింద మార్చిన వాక్యం ఏ పుటలో ఏ పంక్తిలో ఉన్నదన్న వివరం. శాస్త్ర గ్రంథాలలో పూర్వపక్షం పెట్టే నియమం ఇదే. ఎదుటివారి వాదాన్ని నీరుగార్చి పెడితే సిద్ధాంతం కూడా నీరుగారుతుంది. “ప్రతిదానికీ ధన్యవాదాలు చెప్పాలా నాన్నా? ముప్పైరెండుసార్లా?” అని నవ్వింది. “ఒకసారి మంగళాచరణంలో చెప్పు, నిజంగా ఉపకారం జరిగిన చోట మళ్ళీ చెప్పు” అన్నాను. ఆమె నవ్వడం నేను చూసి అప్పటికి మూడు వారాలైంది.

ఆ రోజులలోనే ఆమె నాకు ఐన్‌స్టీన్ కథ చెప్పింది. చాలామందికి తెలిసే ఉండవచ్చు. 1936లో ఐన్‌స్టీన్, నాథన్ రోజెన్ కలిసి గురుత్వ తరంగాలు లేవని తేల్చుతూ ‘ఫిజికల్ రివ్యూ’ పత్రికకు ఒక పత్రం పంపారు. ఎడిటరు జాన్ టేట్ దాన్ని ఒక నిపుణునికి చూపించాడు. ఆ నిపుణుడు దోషాలు చూపుతూ పది పుటల నివేదిక వ్రాశాడు. ఐన్‌స్టీన్‌కు ఆగ్రహం వచ్చింది. తాము అచ్చుకు పంపితే ఎవరికో చూపడమేమిటని, ఆ అనామకుని ఆక్షేపణలే తప్పని జవాబు వ్రాసి పత్రాన్ని ఉపసంహరించుకున్నాడు. కొద్దికాలానికి హోవర్డ్ రాబర్ట్‌సన్ అనే శాస్త్రజ్ఞుడు ఐన్‌స్టీన్ సహాయకుడైన లియొపోల్డ్ ఇన్‌ఫెల్డ్‌తో స్నేహంగా మాట్లాడుతూ ఆ వాదంలో లోపం ఎక్కడుందో చూపించాడు. ఇన్‌ఫెల్డ్ వెళ్ళి చెప్పాడు. తన నిరూపణలో దోషం క్రితం రాత్రే తనకూ కనిపించిందని ఐన్‌స్టీన్ అన్నాడట. నిర్ణయం మార్చుకొని, 1937లో వేరొక పత్రికలో సవరించిన పత్రం ప్రకటించాడు. ఆ అనామక రివ్యూయరు రాబర్ట్‌సనేనని లోకానికి తెలిసింది 2005లో. గురుత్వ తరంగాలు పరికరాలకు చిక్కింది 2015లో.

ఈ కథను మహానుభావులకు కూడా కోపం వస్తుందని చెప్పడానికి వాడుతుంటారు. నాకు ఇంకొక సంగతి కనిపించింది. ఒకే మనిషి, ఒకే ఆక్షేపణ. కాగితం మీద పేరు లేకుండా వచ్చినప్పుడు అది అవమానంగా తోచింది. స్నేహితుల మాటగా, ఎదురుగా కూర్చుని చెప్పుకున్నప్పుడు ఆలోచనగా లోపలికి వెళ్ళింది. మా వసారాలో జరిగినదీ అదే. రివ్యూయరు నివేదికకు నోరుండదు, ముఖముండదు. మన అవమానభయమే దానికి గొంతు అరువిస్తుంది. ఆ గొంతును మార్చగలిగితే చాలు. ఆ నివేదికను మనకు ఇష్టమైన మనిషి చేత చెప్పించుకోవాలి, లేదా మనకు ఇష్టమైన మనిషికి మనమే చెప్పాలి. వినేవారికి శాస్త్రం తెలియకపోతే ఇంకా మంచిది, అన్నీ విడమరచక తప్పదు.

రివ్యూయర్లు ఎప్పుడూ సరైనవారేనని నేననడం లేదు. లిన్ మార్గులిస్ 1967లో అచ్చువేయించుకున్న పత్రాన్ని, జీవకణాల పుట్టుకను గురించిన మన అవగాహననే మార్చిన పత్రాన్ని, అంతకుముందు పదిహేను దాకా పత్రికలు తిప్పిపంపాయి. హాన్స్ క్రెబ్స్ 1937లో సిట్రిక్ ఆమ్ల చక్రాన్ని గురించి పంపిన ఉత్తరాన్ని ‘నేచర్’ వేసుకోలేకపోయింది. అప్పటికే తమ వద్ద చాలా ఉత్తరాలున్నాయని కారణం. 1953లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది ఆ పనికే. తిరస్కారం వచ్చిన ప్రతిసారీ మన పని చెడ్డదని కాదు, ఒక్కొక్కప్పుడు చోటు లేకపోవడం కూడా కారణమే. అలాగని తిరస్కరింపబడిన ప్రతివాడూ క్రెబ్స్ కాడు. ఆ ఊరట మితంగా వాడుకోవాలి.

యాభై ఎనిమిదవ రోజు పత్రం వెళ్ళింది. ఏడు వారాలకు జవాబు వచ్చింది. మొదటి రివ్యూయరు తృప్తి చెందారు. ఇరవై మూడు ఆక్షేపణలవారు రెండు చిన్న సవరణలు అడిగి, గాజు గృహం విషయంలో ఇచ్చిన కారణం ఒప్పదగినదేనన్నారు. భాష ఊసు ఎత్తలేదు. పత్రం అంగీకారం పొందేనాటికి వేతనం ఆగి కొన్ని వారాలైంది. ఆ కొద్ది నెలలు నా పెన్షనులో సర్దుకున్నాం. అచ్చయిన ప్రతిని, మొదట పంపిన ప్రతిని పక్కపక్కన పెట్టి చూపింది. నాకు అర్థమైనంతలో చెబుతున్నాను, రెండవది మొదటి దానికంటే నిజాయితీగా ఉంది. తక్కువ చెబుతుంది, చెప్పినంత మేరకు నిలబడుతుంది. గ్రంథం తీరితే చిక్కు కూడా తీరిందన్నమాట. రెండు పరిష్కారాలూ ఒక్కటేనని అప్పుడు తోచింది.

ఈమధ్య వేరొక జర్నలువారు మా అమ్మాయినే ఒక పత్రం పరిశీలించమని అడిగారు. ఎవరో కొత్త విద్యార్థి పని కాబోలు, లోపాలు చాలా ఉన్నాయట. ఎలా వ్రాయాలని నన్నడిగింది. ఉక్తం, అనుక్తం, దురుక్తం, మూడూ వ్రాయమన్నాను. ఏ ఒక్కటీ దాచవద్దని, మొహమాటంతో దాచితే అది ఆ పిల్లవానికి అపకారమేనని చెప్పాను. వ్రాయడం పూర్తయ్యాక, ఆ పిల్లవాడు ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నాడనుకొని ఒకసారి పైకి చదవమన్నాను. నోట రాని మాట ఏదైనా ఉంటే అది కాగితం మీద కూడా ఉండనక్కరలేదు.